కాంట్రాక్టు పోయి పర్మనెంట్ వచ్చింది, మరి పాత పీఎఫ్? ఈపీఎఫ్ఓ ఆన్‌లైన్ బదిలీ సేవ మీద సమీక్ష

ఏజెన్సీ పేరోల్ మీద రెండు మూడేళ్లు చేసి, అదే కంపెనీలోనో ఇంకో చోటో పర్మనెంట్ అయినవాళ్లు మొదటి జీతం స్లిప్ రాగానే పీఎఫ్ ఎంత కోశారో చూసుకుంటారు. పాత పీఎఫ్ ఎక్కడుందో మాత్రం చాలామంది చూడరు. పీఎఫ్ సభ్యుడికిచ్చే నంబరు, అంటే యూఏఎన్ ఒకటే కదా, డబ్బు దానంతటదే వచ్చి చేరుతుందిలే అనుకుంటారు. పన్నెండంకెల యూఏఎన్ మనిషికి ఒకటే, నిజమే. కానీ ఉద్యోగం మారినప్పుడల్లా దాని కింద కొత్త మెంబర్ ఐడీ పుడుతుంది. ఏజెన్సీ కట్టిన డబ్బు ఏజెన్సీ మెంబర్ ఐడీలోనే ఉంటుంది. పనిచేసే బిల్డింగు, కూర్చునే కుర్చీ మారకపోయినా సరే, జీతం ఇచ్చే సంస్థ మారితే ఐడీ మారినట్టే. పాత ఐడీలోని డబ్బునీ సర్వీసునీ కొత్త ఐడీలోకి తెచ్చేదే, పీఎఫ్‌ని నడిపే ఈపీఎఫ్ఓ సంస్థ మెంబర్ పోర్టల్‌లోని ‘వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్’ సేవ. దీనికి ఫీజు లేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. 2025లో వచ్చిన మార్పుల తర్వాత ఈ సేవ బాగా మెరుగుపడింది. రికార్డు శుభ్రంగా ఉన్నవాళ్లు ధైర్యంగా వాడుకోవచ్చు. చిక్కంతా బటన్ నొక్కకముందే ఉంటుంది, అంటే ఏజెన్సీ మన పేరు మీద నమోదు చేసి వదిలేసిన వివరాల్లో. కాంట్రాక్టు నుంచి వచ్చేవాళ్లకి ఈ బెడద మిగతావాళ్లకంటే ఎక్కువ. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా దాని గురించే రాస్తున్నాం.

ముందుగా ఏం మారిందో చూద్దాం. ఇదివరకు బదిలీ దరఖాస్తు, అంటే ఫారం 13 ఆన్‌లైన్‌లో పెట్టినా పాత యజమానో కొత్త యజమానో దాన్ని ఆమోదించాలి. పాతది ఏజెన్సీ అయితే మనిషి మానేశాక అక్కడ ఫోనెత్తే దిక్కుండదు. కొత్త కంపెనీ హెచ్ఆర్ దగ్గర ఫైలు నెలల తరబడి పడి ఉండేది. 2025 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వుతో చాలా కేసుల్లో ఈ మెట్టు పోయింది. 2017 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ యూఏఎన్ వచ్చి, ఆధార్ లింకై ఉంటే యజమాని ఆమోదం అక్కర్లేదు. అంతకుముందు వచ్చిన యూఏఎన్ అయితే, ఆధార్ లింకుతో పాటు అన్ని మెంబర్ ఐడీల్లోనూ పేరు, పుట్టిన తేదీ, లింగం ఒకేలా ఉండాలి. ఏప్రిల్‌లో ఇంకో మంచి మార్పు వచ్చింది. పాత ఖాతా ఉన్న ఆఫీసు ఆమోదిస్తే చాలు, డబ్బు నేరుగా కొత్త ఖాతాలో పడుతుంది. కొత్త ఖాతా ఆఫీసు మళ్లీ ఆమోదించే పని తీసేశారు.

నొక్కే ముందు చూడాల్సినవి

పోర్టల్‌లో ‘వ్యూ’ కింద ‘సర్వీస్ హిస్టరీ’ తెరవండి. ఇప్పటిదాకా పనిచేసిన ప్రతి సంస్థ, చేరిన తేదీ, మానేసిన తేదీ అక్కడ కనిపిస్తాయి. ఔట్‌సోర్సింగ్‌లో చేసినవాళ్లకి ఇక్కడే తెలియని పేర్లు ఎదురవుతాయి. టెండరు మారినప్పుడల్లా ఏజెన్సీ మారుతుంది, మనిషి మాత్రం అదే ఆసుపత్రిలో, అదే సబ్‌స్టేషన్‌లో, అదే ఆఫీసులో ఉంటాడు. ఐదేళ్ల ఉద్యోగానికి మూడు మెంబర్ ఐడీలు ఉండటం మామూలే. కొత్త కంపెనీ వాళ్లు చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కూడా ఈ తేదీలనే రిలీవింగ్ లెటర్‌తో పోల్చి చూస్తారు. కాబట్టి జాయినింగ్ ఫార్మాలిటీస్‌కి ముందే ఈ పేజీ చూసుకోవడం రెండు విధాలా మంచిది.

తర్వాత పేరు. తెలుగువాళ్ల పేర్ల దగ్గర ఆగినన్ని క్లెయిములు ఇంకెక్కడా ఆగవేమో అనిపిస్తుంది. ఆధార్‌లో ‘కొమ్మినేని వెంకట రమణ’ అని ఉంటుంది. ఏజెన్సీ గుమస్తా ‘కె వెంకటరమణ’ అని కొట్టి ఉంటాడు. ఇంటిపేరు పొడి అక్షరమైంది, రెండు మాటలు ఒకటయ్యాయి. మనకి ఇద్దరూ ఒక్కరే, కంప్యూటర్‌కి కాదు. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకి ఇదే తంటా. పుట్టిన తేదీ కూడా అంతే: టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో జనవరి 1. ముందు ఆధార్‌నే సరిచేయించుకుని, తర్వాత పీఎఫ్ రికార్డును దానికి సరిపెట్టాలి. ఇది తిరగేసి చేస్తే రెండుసార్లు పని. 2017 అక్టోబరు 1 తర్వాతి యూఏఎన్ అయితే పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద మనమే ఈ వివరాలు మార్చుకోవచ్చు, కాగితాలు కూడా అడగదు. పాత యూఏఎన్ అయితే జాయింట్ డిక్లరేషన్ (వివరాలు మార్చమని సభ్యుడూ యజమానీ కలిసి ఇచ్చే పత్రం) పెట్టాలి, దానికి యాజమాన్యం ఆమోదం కావాలి. ఏజెన్సీ మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారి వంటి అధీకృత వ్యక్తి సంతకంతో కాగితం మీద జాయింట్ డిక్లరేషన్ రాసి సంబంధిత పీఎఫ్ ఆఫీసులో ఇవ్వొచ్చు.

మూడోది మానేసిన తేదీ, అంటే ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’. ఏజెన్సీలు చేయకుండా వదిలేసే పని సాధారణంగా ఇదే. ఇది ఖాళీగా ఉంటే బదిలీకి అడ్డం. 2020 నుంచి దీన్ని మనమే నమోదు చేసుకునే వీలుంది: ‘మేనేజ్’, ‘మార్క్ ఎగ్జిట్’, సంస్థ పేరు ఎంచుకోవడం, తేదీ, కారణం, ఆధార్ ఓటీపీ. చివరి చందా పడిన రెండు నెలల తర్వాతే ఇది పనిచేస్తుంది. అందుకే కొత్త ఉద్యోగంలో చేరిన వారంలోనే ప్రయత్నించి, కుదరలేదని కంగారు పడొద్దు.

ఇందులో ఒక మెలిక ఉంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. మనం వేసే తేదీ చివరి చందా ఏ నెలకి పడిందో ఆ నెలలోనే ఉండాలి. మీరు జూన్ 20 వరకు పనిచేశారనుకోండి. ఏజెన్సీ జూన్ నెల పీఎఫ్ కోసుకుంది కానీ కట్టలేదు. పోర్టల్ దృష్టిలో మీ చివరి నెల మే. మే 31 అని వేస్తే అది తీసుకుంటుంది, బదిలీ కూడా అయిపోతుంది, కానీ జూన్ నెల సర్వీసు రికార్డులో లేకుండా పోతుంది. పైగా రిలీవింగ్ లెటర్‌లో జూన్ 20, పీఎఫ్‌లో మే 31 ఉంటుంది. ఒకసారి వేసిన తేదీని మార్చుకోవడం తేలిక కాదు. కాబట్టి ముందు ఆ జూన్ డబ్బు కట్టించాలి, తర్వాతే ఎగ్జిట్.

కట్టారో లేదో ఎలా తెలుస్తుంది? ఈపీఎఫ్ఓ ఆన్‌లైన్ పాస్‌బుక్‌లో నెలనెలా చూడాలి. ఏ నెల చందా అయినా మరుసటి నెల 15లోగా కట్టాలన్నది నియమం. జీతం స్లిప్పుల్లో కోత ఉండి పాస్‌బుక్‌లో ఆ నెల లేకపోతే, ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’ అనే పేజీకి వెళ్లి ఏజెన్సీ పేరు కొట్టండి. ‘వ్యూ పేమెంట్ డీటెయిల్స్’ నొక్కితే ఏ నెలకి ఎంతమందికి ఎంత సొమ్ము ఏ తేదీన కట్టారో వరసగా కనిపిస్తుంది. లాగిన్ కూడా అక్కర్లేదు. ఈపీఎఫ్ఓ సేవల్లో జనానికి పెద్దగా తెలియని, చాలా ఉపయోగపడే పేజీ ఇది. అసలు ఆ నెలకి ఏజెన్సీ ఎవరికీ కట్టలేదా, మీ ఒక్కరి పేరే వదిలేసిందా అన్నది ఇక్కడ తేలిపోతుంది. ఏజెన్సీ కట్టకపోతే బాధ్యత దాంతోనే ఆగిపోదు. కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న మనుషుల చందాకి పని చేయించుకున్న అసలు సంస్థే జవాబుదారీ అని ఈపీఎఫ్ స్కీమ్ 1952లోని 30వ పారా చెబుతోంది. మీరు పర్మనెంట్ అయింది ఆ సంస్థలోనే అయితే హెచ్ఆర్‌ని అడగడానికి ఇది గట్టి ఆధారం. బదిలీ అయ్యేది కట్టిన డబ్బు మాత్రమే. కోసుకుని కట్టనిది దానంతటదే వచ్చి చేరదు.

పెన్షన్ దగ్గర వచ్చే తేడా

కాంట్రాక్టులో బేసిక్ 14,000 అనుకుందాం. మీ వాటా 12 శాతం, అంటే 1,680. యజమాని వాటా కూడా 1,680, కానీ అందులో 8.33 శాతం, అంటే 1,166 రూపాయలు పెన్షన్ స్కీముకి పోతాయి, మిగతా 514 మీ పీఎఫ్‌లో పడతాయి. పర్మనెంట్ అయ్యాక బేసిక్ 30,000 అయింది. కంపెనీ పూర్తి బేసిక్ మీద కడితే మీ వాటా 3,600, కంపెనీ వాటా 3,600. పెన్షన్‌కి 15,000 పరిమితి ఉంది కాబట్టి దానికి 1,250 మాత్రమే పోయి, 2,350 పీఎఫ్‌లో చేరుతుంది.

అసలు చిక్కు 2014 సెప్టెంబరు 1 నిబంధన దగ్గర. ఆ తేదీ తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకి చేరేనాటికే జీతం 15,000 దాటి ఉంటే పెన్షన్ స్కీము వర్తించదు. కాంట్రాక్టులో 15,000 లోపు జీతంతో చేరి అప్పటికే పెన్షన్ సభ్యులైనవాళ్లు మాత్రం జీతం పెరిగినా సభ్యులుగా కొనసాగుతారు. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. కొత్త కంపెనీ పాత సభ్యత్వం చూడకుండా ‘ఫ్రెషర్’ అని నమోదు చేసి పెన్షన్ ఆపేయడం ఒకటి. అర్హత లేనివాళ్లకి ఏజెన్సీ పెన్షన్ కోత కోసేయడం ఇంకోటి. రెండూ ఏళ్ల తర్వాత క్లెయిము దగ్గర బయటపడతాయి, అప్పుడు సరిచేయడం చాలా కష్టం. అందుకే జాయినింగ్ రోజు ఇచ్చే ఫారం 11ని ఆషామాషీగా నింపొద్దు. ఇంతకుముందు పీఎఫ్ సభ్యులా, పెన్షన్ సభ్యులా అన్న రెండు ప్రశ్నలకీ పాస్‌బుక్ చూసి జవాబు రాయాలి. పాత యూఏఎన్, మెంబర్ ఐడీ, మానేసిన తేదీ కూడా రాయాలి. పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో ప్రతి నెలా అంకె ఉంటే మీరు పెన్షన్ సభ్యులే.

ఏజెన్సీ పేరోల్ కాకుండా ‘ప్రొఫెషనల్ ఫీజు’ కింద ఇన్వాయిస్ పెట్టి డబ్బు తీసుకున్నవాళ్లకి పీఎఫే ఉండదు, బదిలీ ప్రశ్నా లేదు. వాళ్లు కొత్తగా యూఏఎన్ తీసుకోవాలి. 2025 ఆగస్టు నుంచి అది ఉమంగ్ యాప్‌లో ముఖం స్కాన్ చేసి తీసుకునే పద్ధతికి మారింది. పర్మనెంట్ అయింది ప్రభుత్వ శాఖలో, సీపీఎస్ (ప్రభుత్వోద్యోగుల కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము) కింద అయితే ఈ బటన్ పనికిరాదు. అక్కడ పీఎఫ్ డబ్బు తీసుకునే ఫారం 19, పెన్షన్ సొమ్ము తీసుకునే ఫారం 10సీ, ఆ దారి వేరు.

బదిలీ పెట్టడం

కొత్త కంపెనీలో మొదటి నెల చందా పడి, కొత్త మెంబర్ ఐడీ పాస్‌బుక్‌లో కనిపించాక మొదలుపెట్టండి. ఫారం 11 సరిగ్గా ఉండి, ఆధార్, ఎగ్జిట్ తేదీ అన్నీ కుదిరితే ఆ మొదటి చందాతో బదిలీ దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఉంది. మెసేజ్ వస్తే మంచిదే, దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు.

లాగిన్ అయి ‘ఆన్‌లైన్ సర్వీసెస్’లో ‘వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్’ తెరవాలి. పైన మీ పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా వస్తాయి. దాని కింద ఇప్పటి సంస్థ ఖాతా, అంటే డబ్బు ఎక్కడికి రావాలో ఆ ఖాతా ఉంటుంది. అది ఏజెన్సీ పేరే చూపిస్తుంటే ఆగిపోండి, కొత్త చందా ఇంకా నమోదు కాలేదన్నమాట. తర్వాత పాత ఖాతా వివరాలు తెప్పించుకుని, ఏది కదపాలో ఎంచుకుని, ఆధార్‌కి లింకైన ఫోనుకి వచ్చే ఓటీపీ కొట్టి పంపాలి. మూడు ఏజెన్సీలుంటే మూడు దరఖాస్తులు, ప్రతిదీ నేరుగా ఇప్పటి ఖాతాకే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గొలుసుగా పంపాల్సిన పని లేదు. పాత ఏజెన్సీ ఎగ్జిట్ తేదీ, కొత్త కంపెనీ చేరిన తేదీ కొద్దిరోజులు ఒకదాని మీద ఒకటి పడితే ఇదివరకు క్లెయిము తిరస్కరించేవారు. కేవలం ఆ కారణంతో తిప్పి పంపొద్దని 2025 మేలో ఈపీఎఫ్ఓ తన ఆఫీసులకి చెప్పింది.

‘ట్రాక్ క్లెయిమ్ స్టేటస్’ పేజీ బాగానే పనిచేస్తుంది. తిరస్కరిస్తే కారణం రాస్తారు, కానీ ఆ కారణం ఆఫీసు భాషలో ఒక్క ముక్కలో ఉంటుంది. సామాన్యుడికి దాన్నుంచి ఏం చేయాలో అర్థం కాదు. ఈ సేవలో వెంటనే బాగుచేయాల్సింది ఏదైనా ఉంటే అదే. తెలుగులో రెండు వాక్యాలు రాసి, తర్వాత ఏ బటన్ నొక్కాలో చెబితే పీఎఫ్ ఆఫీసు ముందు క్యూ చాలా తగ్గుతుంది.

బదిలీ అయ్యాక పాత పాస్‌బుక్‌లో ‘క్లెయిమ్: పారా 57’ అని పెద్ద మొత్తం తగ్గినట్టు కనిపిస్తుంది. అది చూసి ఎవరో డబ్బు డ్రా చేశారని భయపడేవాళ్లున్నారు. అది బదిలీ ఎంట్రీయే. కొత్త పాస్‌బుక్‌లో అదే మొత్తం ‘ట్రాన్స్‌ఫర్ ఇన్’ అని పాత మెంబర్ ఐడీతో సహా వస్తుంది. మీ వాటా, యజమాని వాటా రెండు గడుల్లోనూ సరిపోయాయో చూడండి. పెన్షన్ గడిలో మాత్రం సున్నా ఉంటుంది, అది తప్పు కాదు. పెన్షన్‌లో కదిలేది సర్వీసు కాలమే, డబ్బు కాదు.

పాతదో కొత్తదో సొంత పీఎఫ్ ట్రస్టు నడిపే పెద్ద కంపెనీ అయితే పని నెమ్మదిస్తుంది. ట్రస్టు ఖాతా ఈపీఎఫ్ఓ పాస్‌బుక్‌లో కనిపించదు. అక్కడ ‘అనెక్జర్ కె’ అనే కాగితం ముఖ్యం. పాత ఖాతాలో ఎంత డబ్బు, ఎంత సర్వీసు అన్నది అందులో ఉంటుంది. 2025 సెప్టెంబరు నుంచి దీన్ని పోర్టల్‌లోనే పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. ట్రస్టు లేకపోయినా ప్రతి బదిలీకీ ఒక కాపీ దాచుకోవడం మంచిది.

తీసేసుకోవాలనే ఆలోచన

ఏజెన్సీలో పడింది ముప్పై, నలభై వేలే కదా, తీసేసుకుందాం అనుకునేవాళ్లు చాలామంది. కొత్త చోట పీఎఫ్ కొనసాగుతున్నప్పుడు పాతది తీసుకోవడం నష్టం. వరసగా ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీసుకుంటే ఆ డబ్బు మీద పన్ను పడుతుంది. మొత్తం 50,000 అయినా, దాటినా 10 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. బదిలీ చేసుకుంటే ఏజెన్సీలో చేసిన కాలం కూడా ఆ ఐదేళ్లలో కలుస్తుంది. పెన్షన్‌కి ఇది ఇంకా ముఖ్యం. నెలవారీ పెన్షన్‌కి కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. కాంట్రాక్టులో నాలుగేళ్లు, పర్మనెంట్‌లో ఆరేళ్లు కలిస్తే పదేళ్లు. ఆ నాలుగేళ్ల పెన్షన్ సొమ్ము 10సీ పెట్టి తీసేసుకుంటే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఇంటి అవసరం తరుముతుంటే తప్ప కదపకండి.

బదిలీతో పాటు ఈ-నామినేషన్ కూడా సరిచూసుకోండి, ముఖ్యంగా కాంట్రాక్టులో ఉండగా పెళ్లయినవాళ్లు. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల వరకు వచ్చే ఈడీఎల్ఐ బీమా కూడా నామినీకే అందుతుంది.

బయటి సాయం, ఆఫీసు సాయం

‘పీఎఫ్ కన్సల్టెంట్’ అని బోర్డులు పెట్టి, బదిలీ చేసిపెడతామని డబ్బు తీసుకునే సెంటర్లు ఊరూరా ఉన్నాయి. వాళ్లు చేసేదీ ఇదే బటన్ నొక్కడం. మీ ఆధార్ ఓటీపీ వాళ్ల చేతిలో పెడితే బదిలీకి బదులు విత్‌డ్రాయల్ పెట్టొచ్చు, బ్యాంకు ఖాతా మార్చొచ్చు. పోర్టల్ వాడటం రాకపోతే చదువుకున్న పిల్లల చేత మీ ఎదురుగా చేయించుకోండి, ఓటీపీ మీరే కొట్టండి.

క్లెయిము 20 రోజులు దాటినా కదలకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. యూఏఎన్, పాత మెంబర్ ఐడీ, క్లెయిము నంబరు, తిరస్కరణ కారణం ఉన్న పేజీ ఫోటో, కట్టని నెలల జీతం స్లిప్పులు జతచేయాలి. ‘నా పీఎఫ్ రాలేదు’ అని ఒక్క వాక్యం రాసి పంపితే జవాబు కూడా అంతే పొడిగా వస్తుంది. ఫిర్యాదు మీ పాత ఖాతా ఏ ఆఫీసు కిందుందో అక్కడికి వెళ్లాలి, మీరుండే ఊరి ఆఫీసుకి కాదు. హైదరాబాద్‌లో పనిచేసినా ఏజెన్సీ బెంగళూరులో నమోదై ఉంటే మీ ఖాతా ఆఫీసు బెంగళూరే. మెంబర్ ఐడీలో మొదటి ఐదు అక్షరాలు ఈ సంగతి చెబుతాయి. చాలామంది హైదరాబాద్‌లోని బర్కత్‌పురా, కూకట్‌పల్లి పీఎఫ్ ఆఫీసులకి వెళ్లి వెనక్కి రావడానికి కారణం ఇదే.

మనిషితో మాట్లాడాలంటే ఈపీఎఫ్ఓ పెట్టే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరం మంచి దారి. ప్రతి నెలా 27న జిల్లాల్లో జరుగుతుంది, సెలవైతే మరుసటి పనిదినం. పాస్‌బుక్ ప్రింటు, ఆధార్, పాన్, ఏజెన్సీ ఇచ్చిన అపాయింట్‌మెంట్, రిలీవింగ్ లెటర్లు, జీతం స్లిప్పులు ఒక కవర్లో వరస నెలలుగా పెట్టుకుని వెళ్లండి. ఏజెన్సీ పేరుతో పాటు ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ (పీఎఫ్‌లో ఆ సంస్థకిచ్చిన నంబరు) కూడా పైన పెద్దగా రాసి పెట్టుకుంటే అక్కడి సిబ్బంది ముందుగా అడిగేది అదే కాబట్టి మాట త్వరగా తెములుతుంది.